అతిగా తినడం మాన్పించమని వెళితే పస్తులు మాన్పించారు: నా అనుభవం

కొన్నేళ్లపాటు నేను బులీమియా నెర్వోసా అనే జబ్బుతో బతికాను. దానికి ఒక పేరుందని, చికిత్స కూడా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. అంతవరకూ అది నా దృష్టిలో జబ్బు కాదు, నలుగురిలో చెప్పుకోలేని బలహీనత. పగలంతా దాదాపు ఏమీ తినకుండా నెట్టుకొచ్చిన మనిషి, చీకటి పడ్డాక ఒంటరిగా కూర్చుని రుచి కూడా తెలియనంత వేగంగా, కడుపు నొప్పి పుట్టేదాకా తినడమేమిటి, ఆ తర్వాత అదంతా కక్కుకోవడమేమిటి, తెల్లవారాక మళ్లీ పస్తుండి ఆ పాపం కడుక్కోవాలనుకోవడమేమిటి అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఇలాంటివి ఆడపిల్లలకు వచ్చే బాధలని విని ఉండడం వల్ల, మగవాణ్ణి కాబట్టి నాది మరేదో వంకర బుద్ధి అయి ఉంటుందనుకున్నాను. చివరికి చికిత్సకు వెళ్లినప్పుడు వైద్యులను నేను కోరింది ఒక్కటే: రాత్రిపూట తిండిని ఆపించండి, పగటి నిగ్రహం జోలికి మాత్రం రావద్దు. వాళ్లు సరిగ్గా దీన్నే తలకిందులు చేశారు.

జబ్బును మొదట పసిగట్టింది పళ్ల డాక్టరు. చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయని వెళ్లాను. ఆమె చిన్న అద్దాన్ని పై వరుస ముందుపళ్ల వెనక పెట్టి చాలాసేపు చూశారు. నాలుకవైపు ఎనామిల్ నున్నగా అరిగిపోయి, లోపలి పసుపురంగు పొర బయటపడిందని చెప్పి, చెవుల కింద దవడ మూలలను రెండు చేతులతో తడిమారు. ఆ తర్వాత సహాయకురాలిని బయటికి పంపించి, "పుల్లటివి ఎక్కువగా తాగేవాళ్లకు సాధారణంగా పళ్ల బయటివైపు అరుగుతుందండీ. మీకు లోపలివైపు అరిగింది. కడుపులోని ఆమ్లం పదే పదే పైకి వస్తే ఇలా అవుతుంది. తరచుగా వాంతులవుతున్నాయా?" అని మెల్లగా అడిగారు. దవడ దగ్గరి వాపు లాలాజల గ్రంథులదని, మాటిమాటికీ వాంతి చేసుకునేవాళ్లలో అవి ఉబ్బుతాయని కూడా ఆమే చెప్పారు. అరుగుదల సంగతి కన్నా ఈ మాటే నన్ను ఎక్కువగా కుదిపింది. అద్దంలో ఆ బుగ్గలను చూసుకునే కదా, ముఖం లావెక్కుతోందని నేను మరింత గట్టిగా పస్తులుండేవాణ్ణి! అరిగిన పళ్లకు పూర్తి మరమ్మతు వాంతులు ఆగాకే చేస్తానని, అంతవరకూ వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకుండా నీళ్లతో పుక్కిలించమని చెప్పి, సైకియాట్రిస్టుకు చీటీ రాసిచ్చారు.

అంతకుముందు మరో వైద్యుడి దగ్గర ఈ విషయం సగం సగం చెప్పి చూశాను. ఆయన బరువు చూసి, "ఎత్తుకు తగ్గ బరువే ఉన్నారు కదండీ, కాస్త నోరు కట్టుకుంటే చాలు" అని పంపించేశారు. ఎముకల గూడులా కనిపిస్తేనే ఈటింగ్ డిజార్డర్, అంటే తిండికి సంబంధించిన మానసిక రుగ్మత, అని చాలామంది అనుకుంటారు. నిజానికి బులీమియా ఉన్నవారిలో ఎక్కువమంది బరువు మామూలుగానో, అంతకన్నా ఎక్కువగానో ఉంటుంది. పోనీ బరువు చూసి జబ్బు లేదనుకున్నారనుకుందాం, నోరు కట్టుకోమన్న ఆ సలహా మాత్రం నిప్పులో నెయ్యి పోసినట్టే అయింది. అనుమానం తీర్చుకోవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల పట్టిక 1999 నుంచీ అందుబాటులో ఉంది: కడుపు నిండి ఇబ్బందిగా ఉందని కావాలని వాంతి చేసుకుంటారా, ఎంత తింటున్నారన్నది అదుపు తప్పిందని దిగులుపడుతున్నారా, గడిచిన మూడు నెలల్లో బరువు బాగా తగ్గారా, సన్నగా ఉన్నారని ఇతరులు అంటున్నా లావుగా ఉన్నామనే నమ్ముతున్నారా, తిండే మీ జీవితాన్ని ఏలుతోందని అంటారా. వీటిలో రెండింటికి అవునని జవాబొస్తే వివరమైన పరీక్ష అవసరమని అర్థం. నన్ను ఇందులో ఒక్క ప్రశ్న అడిగి ఉన్నా ఆరోజు నిజం చెప్పి ఉండేవాణ్ణేమో.

సైకియాట్రిస్టు మనసు గురించి మాట్లాడతారనుకుంటే, ముందు రక్తపరీక్షకు, ఈసీజీకి పంపించారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూశారు. పొటాషియం తక్కువగా వచ్చింది. వాంతుల వల్ల, విరేచనాల మందుల వల్ల ఒంట్లోని పొటాషియం పోతుందని, అది బాగా పడిపోతే గుండె లయ తప్పి ఒక్కోసారి ముందస్తు సూచన ఏదీ లేకుండానే ప్రాణం మీదికి వస్తుందని ఆయన వివరించారు. విరేచనాల మందులు పనిచేసేది పెద్దపేగు మీద. తిన్నదాంట్లోని శక్తిని చిన్నపేగు అప్పటికే పీల్చేసుకుని ఉంటుంది కాబట్టి, వాటివల్ల తగ్గినట్టు కనిపించే బరువంతా నీళ్లేనట. పొటాషియం మందు మొదలుపెట్టి, మళ్లీ పరీక్ష చేయించాకే మిగతా ప్రశ్నల్లోకి దిగారు: నిద్ర, మద్యం, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అన్నది కూడా. ఆ చివరి ప్రశ్నను ఆయన ఎంత మామూలుగా అడిగారంటే, నేనూ తడబడకుండా ఉన్నమాట చెప్పగలిగాను.

జబ్బుకు పేరు పెట్టిన రోజున, దాని తోబుట్టువుల సంగతి కూడా చెప్పారు. అనొరెక్సియా నెర్వోసాలో మనిషి ప్రమాదకరంగా చిక్కిపోయినా లావెక్కుతామన్న భయం వదలదు. ఇంగ్లండ్‌లో విలియం గల్ అనే వైద్యుడు 1873లోనే దాన్ని ఆ పేరుతో వర్ణించారు. బులీమియాను విడిగా గుర్తించింది చాలా తర్వాత, 1979లో, లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే సైకియాట్రిస్టు. బింజ్ ఈటింగ్ డిజార్డర్‌లో అదుపు తప్పి తినడం ఉంటుంది గానీ, దానికి విరుగుడుగా వాంతులు చేసుకోవడం, కఠినంగా పస్తులుండడం ఒక క్రమంగా సాగవు. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1959లోనే దాన్ని గమనించి రాసినా, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి నిర్ధారణ గ్రంథమైన డీఎస్‌ఎమ్‌లో అది సొంత జబ్బుగా స్థానం పొందింది 2013లోనే. లావవుతామన్న భయం లేకుండానే, ఆహారపు వాసనో మెత్తదనమో పడకపోవడం వల్లనో, గొంతుకు అడ్డం పడుతుందన్న భయం వల్లనో తిండి బాగా తగ్గిపోయే ఆర్ఫిడ్‌ను చేర్చింది కూడా అప్పుడే. బులీమియా అనడానికి కొలత ఏమిటంటే, అదుపు తప్పి తినడం, దాన్ని పూడ్చుకోవడానికి చేసే పనులు సగటున వారానికి ఒక్కసారైనా, మూడు నెలలపాటు జరగాలి. నేను ఆ గీత ఎప్పుడో దాటేశాను.

నాకు సూచించిన చికిత్స సీబీటీ-ఈ: ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, ఈటింగ్ డిజార్డర్ల కోసం మెరుగుపరిచిన రకం. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ బృందం రూపొందించిన ఈ మాటల వైద్యం, బరువు మరీ తక్కువగా లేనివారికి సాధారణంగా 20 వారాల్లో 20 సెషన్లుగా నడుస్తుంది. బరువు బాగా తగ్గినవారికి దానికి రెట్టింపు సెషన్లు కావాలి. మొదటి నెలలో వారానికి రెండుసార్లు వెళ్లాలి. చిన్ననాటి గాయాలేవో తవ్వుతారని గుండె చిక్కబట్టుకుని వెళ్లాను. క్లినికల్ సైకాలజిస్టు తెల్లకాగితం, పెన్ను తీసుకుని నా మాటలనే ఒక బొమ్మగా గీశారు. పైన, ఒళ్లూ బరువూ బట్టే మనిషి విలువ అన్న నమ్మకం. దాని కింద కఠినమైన తిండి నియమాలు. వాటి కింద అదుపు తప్పి తినడం. దాని కింద వాంతి. అక్కడి నుంచి మళ్లీ పైకి బాణం. "ఇందులో ఏ ముడి ముందు విప్పుదామంటారు?" అని అడిగారు. నేను రాత్రి తిండి మీద వేలు పెట్టాను. ఆమె తన వేలిని ఒక గడి పైకి జరిపి నియమాల మీద పెట్టారు. "ఊపిరి బిగబట్టుకున్నవాడు చివరికి ఒక్కసారిగా గుక్క తీసుకుంటాడు. అది అత్యాశ అని మనం అనం కదండీ" అన్నారు.

నేను నమ్మలేదు. నమ్మలేదని ఆమెకూ తెలిసినట్టుంది, రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక ప్రయోగం గురించి చెప్పారు. 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను స్వచ్ఛందంగా చేర్చుకుని, యుద్ధానంతరం ఆకలితో ఉన్న జనానికి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి, ఆరునెలలపాటు వాళ్ల ఆహారాన్ని బాగా తగ్గించారు. వాళ్లెవరికీ తమ ఒంటి మీద అసంతృప్తి లేదు. అయినా కొన్ని వారాల్లోనే వాళ్ల ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరగసాగాయి. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, ఉన్న కాస్త తిండినీ గంటల తరబడి సాగదీసుకుని తిన్నారు, స్నేహాలు వదులుకున్నారు, దిగులులోకి జారిపోయారు. కొందరైతే మళ్లీ తిండి పెట్టాక కూడా ఎంత తిన్నా తనివి తీరక అదుపు తప్పారు. మొదటినుంచీ నా స్వభావంలోని లోపమనుకున్నది, ఆకలికి గురైన ఏ శరీరమైనా చేసే పనేనని ఆరోజు తొలిసారి తోచింది. పైగా వాళ్లంతా మగవాళ్లు. ఎందుకో ఆ సంగతి నాకు చాలా ధైర్యాన్నిచ్చింది.

చికిత్సలో నేను ఎక్కువగా ఈసడించుకున్నదీ, నాకు ఎక్కువగా పనికొచ్చిందీ ఒకటే: రోజూ నింపవలసిన పట్టిక. సమయం, ఏం తిన్నాను, ఎక్కడ తిన్నాను, అతిగా తిన్నానని నాకనిపిస్తే అక్కడొక చుక్క గుర్తు, వాంతి అయితే దానికొక గడి, చివర్లో అప్పటి పరిస్థితి, మనసులోని మాట. కేలరీలు రాయకూడదు. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు. తిన్న వెంటనే రాయాలి, సిగ్గుతో చచ్చిపోతున్నా సరే. ఒకనాటి కాగితం ఇంకా దాచుకున్నాను. మధ్యాహ్నం గడి ఖాళీ. సాయంత్రం గడిలో "ఆకలి లేదు" అని ఉంది. ఆ కింద, రాత్రి వరుసలో ఎక్కడ అన్నచోట "వంటగది, నిలబడి" అని, పక్కన చుక్క, ఆఖరి గడిలో వంకరటింకర అక్షరాలతో "ఆఫీసులో ఒకరు ముఖం నిండుగా ఉందన్నారు. ఇంటికొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. చొక్కా కూడా మార్చుకోలేదు" అని రాశాను. దాన్ని చూసి సైకాలజిస్టు ఆ వ్యాఖ్య గురించి అడుగుతారనుకున్నాను. ఆమె మాత్రం ఖాళీగా ఉన్న మధ్యాహ్నపు గడి మీద పెన్ను పెట్టి, "కథ ఇక్కడ మొదలైంది" అన్నారు.

ఇక అసలు పని: వేళకు తినడం. మూడు పూటల భోజనం, మధ్యలో రెండో మూడో చిరుతిళ్లు, ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలకు మించి ఎడం ఉండకూడదు. ఏం తినాలన్నది మొదట్లో ముఖ్యం కాదు, ఎప్పుడు తినాలన్నదే ముఖ్యం. ఆకలి వేసినా వేయకపోయినా గడియారాన్ని బట్టే తినాలి, ఎందుకంటే ఇన్నేళ్ల పస్తులతో ఆకలి, తృప్తి అనే సంకేతాలు చెడిపోయి ఉంటాయి. చెప్పడానికి ఎంతో చప్పగా ఉన్న ఈ సూచనను పాటించడం నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. ముందురోజు రాత్రి అదుపు తప్పి తిన్నాక, పొద్దున లేచి ఏమీ జరగనట్టు ఉదయపు భోజనానికి కూర్చోవడం నాకు పరమ అన్యాయంగా తోచేది. కడుపులో కొంచెం బరువు అనిపించగానే లావైపోయాననిపించేది. ఆ రెండూ వేర్వేరని, మొదటిది కాసేపట్లో తగ్గిపోయే శారీరక భావమని, వాంతి చేసుకోవాలన్న తహతహ కూడా ఒక ఎత్తుకు పెరిగి దానంతటదే దిగిపోతుందని చెప్పారు. అది వినడం వేరు, కుర్చీలో కూర్చుని ఆ దిగిపోవడం కోసం ఎదురుచూడడం వేరు.

అక్కడే మా అక్క సాయం కావలసివచ్చింది. విషయం చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు తిన్నావో లేదో నేను కాపలా కాయాలా ఏంట్రా?" అని అడిగింది.

"వద్దక్కా. రాత్రి తిన్నాక ఒక గంట ఫోనులో మాట్లాడు చాలు. తిండి గురించి, నా ఒంటి గురించి తప్ప ఏదైనా సరే."

"సన్నబడ్డావు, బాగున్నావు అని కూడా అనకూడదా?"

"అది అసలే వద్దు."

ఆమె ఆ మాట నిలబెట్టుకుంది. కొన్ని రాత్రులు మాటలు దొరక్క తన ఆఫీసులోని దస్త్రాల గొడవంతా వినిపించేది. నేను సగం వింటూ, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, గది దాటకుండా కూర్చునేవాణ్ణి. ఇంటివాళ్లు చేయగలిగే సాయంలో ఇంతకన్నా విలువైనది నాకు తెలియదు. పళ్లెంలోకి తొంగిచూడడం, లెక్కలడగడం మాత్రం సాయం కాదని నా అభిప్రాయం. కనీసం పెద్దవాళ్ల విషయంలో.

పెద్దవాళ్ల విషయంలో అని ఎందుకన్నానంటే, పిల్లల వైద్యం దీనికి పూర్తిగా వేరు. బయట వేచి ఉండే గదిలో ఒక అమ్మాయి తల్లిదండ్రులతో పరిచయమైంది. ఆ అమ్మాయిది అనొరెక్సియా. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో 1980ల నాటికి రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సా పద్ధతిలో, మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయాన్ని తల్లిదండ్రులే చేతిలోకి తీసుకుంటారు. బరువు కోలుకుంటున్నకొద్దీ ఆ అధికారాన్ని మెల్లమెల్లగా పిల్లకు తిరిగి అప్పజెబుతారు. జబ్బుకు కారణం మీరే అని వాళ్లను ఎవరూ నిందించరు. అంతకుముందు ఆ అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిందట. బాగా చిక్కిపోయినవాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ వేగంగా పడిపోయి గుండెకు ముప్పు వస్తుందని, దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారని, అందుకే రోజూ రక్తపరీక్షలు చేస్తూ తిండి పెంచారని వాళ్ల నాన్నగారు చెప్పారు. ఇంట్లో బలవంతంగా కుక్కేస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. మానసిక రుగ్మతల్లో మరణాలు ఎక్కువగా ఉండేవాటిలో అనొరెక్సియా ఒకటి.

మందుల పాత్ర తక్కువే అయినా, బొత్తిగా లేదనలేం. బులీమియాకు ఫ్లూయాక్సెటీన్ ఇస్తారు; దిగులుకు (డిప్రెషన్‌కు) మామూలుగా 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే ఈ మందు, బులీమియాలో 60 మిల్లీగ్రాముల మోతాదులో బాగా పనిచేస్తుందని తేలింది. నాకు మెల్లగా ఆ మోతాదుకు పెంచారు. మొదట్లో వికారం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం ఉండేవి. తర్వాత రాత్రిపూట అతిగా తినాలన్న ఆ తహతహ కాస్త మెత్తబడింది. సిగరెట్ మాన్పించడానికి, దిగులుకు వాడే బుప్రోపియాన్‌ను మాత్రం ఈ జబ్బులున్నవారికి ఇవ్వరు, ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా బులీమియా సంగతి దాచవద్దని సైకియాట్రిస్టు హెచ్చరించారు. అనొరెక్సియాను నయం చేసే మందంటూ ఏదీ లేదు.

వారానికి ఒక్కసారి, సైకాలజిస్టు గదిలోనే, ఇద్దరం కలిసి బరువు చూసేవాళ్లం; ఇంట్లో యంత్రం ఎక్కకూడదు. ఆ అంకెను గ్రాఫులో పెట్టి, ఒక్క వారాన్ని బట్టి ఏమీ తేల్చవద్దని, నీళ్ల వల్ల, పేగుల్లో ఉన్నదాని వల్ల అది అటూ ఇటూ ఊగుతుంటుందని, నాలుగు వారాల చుక్కలను కలిపి చూడమని చెప్పేవారు. వేళకు తింటే బరువు ఆకాశానికి అంటుతుందని నేను వేసుకున్న లెక్క ఆ గ్రాఫు మీద నిలవలేదు. చుక్క గుర్తులు పట్టికలో పలచబడసాగాయి. మొదటి కొన్ని వారాల్లో మార్పు కనబడితే చివరి ఫలితం కూడా బాగుండే అవకాశం ఎక్కువట. కనబడకపోతే అడ్డుపడుతున్నదేమిటో ఆగి చూస్తారు.

చుక్కలు తగ్గాక మిగిలింది బొమ్మలో అన్నిటికన్నా పైనున్న గడి. ఇది నాకు ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. రోజులో ఎన్నిసార్లు అద్దం చూస్తానో, బెల్టు రంధ్రాన్ని వేలితో తడుముకుంటానో, పక్కవాడి పొట్టతో నా పొట్టను పోల్చుకుంటానో రాయమన్నారు. రాసి చూస్తే నాకే వింతగా అనిపించింది. మనం వెతికితే లోపం కనబడకుండా ఉండదని, ఇతరులను ఒక్క చూపుతో చూసి వదిలేస్తూ మనల్ని మాత్రం అంగుళం అంగుళం పరీక్షించుకుంటామని సైకాలజిస్టు అన్నారు. మీ విలువను ఒక వృత్తంగా గీసి, దేనికెంత వాటా ఇస్తారో పంచండి అంటే, ఒళ్లూ తిండీ సగానికి పైగా ఆక్రమించాయి. ఆ వాటాను తగ్గించడం కన్నా మిగతా వాటాలను పెంచడం తేలికని చెప్పి, వదిలేసిన పాత ఇష్టాలను మళ్లీ మొదలుపెట్టించారు. తినకూడదని నేను పెట్టుకున్న పదార్థాల జాబితాను కూడా, తక్కువ భయం కలిగించేవాటితో మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా మామూలు భోజనంలోకి తెచ్చుకున్నాం.

చికిత్స ముగిసే వారాల్లో, జబ్బు తిరగబెట్టే సూచనలు కనిపిస్తే ఏం చేయాలో నా చేతే రాయించారు. ఒక రాత్రి కాలు జారితే అది జారడమే, పాత చోటికి వెళ్లిపోవడం కాదు. మర్నాడు చేయవలసింది పస్తు కాదు, వేళకు ఉదయపు భోజనం. చికిత్స అయ్యాక జరిగే సమీక్షకు ముందే, ఉద్యోగంలో ఒత్తిడి పెరిగిన రోజుల్లో నాకు దాని అవసరం వచ్చింది. మధ్యాహ్నపు భోజనం ఎగ్గొట్టడం మొదలైందని పట్టించింది మళ్లీ ఆ పట్టికే. వాంతి దాకా వెళ్లకముందే ఆపుకోగలిగాను. ఆ కాగితంలో ఇప్పుడు నాలుగు అంశాలున్నాయి: పట్టిక మళ్లీ రాయడం, వారానికి ఒక్కసారే బరువు చూడడం, అక్కకు చెప్పడం, రెండు వారాల్లో సర్దుకోకపోతే సైకాలజిస్టుకు ఫోన్ చేయడం. మందును ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాలన్న మాట సైకియాట్రిస్టు తన చేత్తో అడుగున రాశారు. ఆ తగ్గించడం ప్రస్తుతం సాగుతోంది.